కాంటకూజినోస్ పక్షమా, రాణి ఆనా పక్షమా? 1341 బైజాంటైన్ వారసత్వ గొడవలో ఎవరు మేలు

బైజాంటైన్ (అంటే కాన్‌స్టాంటినోపుల్, ఇప్పటి ఇస్తాంబుల్, రాజధానిగా ఉన్న తూర్పు రోమన్ సామ్రాజ్యం) చరిత్ర మీద ఇంట్రెస్ట్ ఉన్నోళ్ల మధ్య ఈ పంచాయితీ ఎప్పటికీ తెగదు. 1341 నుంచి 1347 దాకా నడిచిన అంతర్యుద్ధంలో ఒకవైపు జాన్ కాంటకూజినోస్, ఇంకోవైపు చిన్నపిల్లాడు ఐదో జాన్ పేరు మీద ఏలుతున్న ముగ్గురు, అంటే తల్లి ఆనా, పాట్రియార్క్ (చర్చి పెద్ద) కాలెకాస్, నౌకాదళం చూసే అపోకాఫ్కోస్. కొందరేమో కాంటకూజినోస్ పిల్లాడి రాజ్యం కాజేశాడంటారు, కొందరేమో ఆ ముగ్గురూ కలిసి సమర్థుణ్ణి గెంటేశారంటారు. నాకైతే హక్కు ఎవరిది అనేది ఒక లెక్క, ఎవరు ఏలితే నష్టం తక్కువ అనేది ఇంకో లెక్క.

ముందు హక్కు సంగతి చూద్దాం. ఆనా భర్త, చక్రవర్తి మూడో ఆండ్రోనికోస్ 1341 జూన్ 15న పోయాడు, కొడుక్కి అప్పటికి తొమ్మిదేళ్లు నిండబోతున్నాయి. పిల్లాడు పెద్దయ్యేదాకా ఎవరు చూసుకోవాలి అని రాసిపెట్టిపోలేదు. వాళ్ల దగ్గర వారసత్వానికి రాతపూర్వకమైన చట్టం అంటూ లేదు కూడా, సైన్యం, సెనేట్, రాజధాని జనం జేజేలు కొడితే చక్రవర్తి, అంతే. కాంటకూజినోస్ సర్వసైన్యాధ్యక్షుడు, చనిపోయినాయనకి ప్రాణస్నేహితుడు, 1330లో ఆండ్రోనికోస్ జబ్బుపడ్డప్పుడు సహచక్రవర్తిగా ఉండమని అడిగితే వద్దన్నవాడు. కాలెకాస్ దగ్గరేమో పాత కాగితం ఒకటుంది, ఆండ్రోనికోస్ ఒకసారి యుద్ధానికి పోతూ కుటుంబాన్ని ఆయనకి అప్పజెప్పినట్టు. నిజం చెప్పాలంటే అది ఆ ఒక్క ప్రయాణానికి రాసిచ్చిందే, కానీ తల్లీ పాట్రియార్కూ ఒకే మాట మీద ఉంటే రాజధానిలో కాదనేవాడెవడు? కాబట్టి హక్కులో మొగ్గు ఆనా వైపే, కొంచెం.

ఇక్కడ తమాషా ఏంటంటే కాలెకాస్‌ని పాట్రియార్క్ చేయడానికి పట్టుబట్టింది కాంటకూజినోసే, పెద్ద ఇంట్లో పుట్టని అపోకాఫ్కోస్‌ని చేయిపట్టి పైకి తెచ్చిందీ ఆయనే. ఆ అపోకాఫ్కోస్ ఆ వేసవిలోనే పిల్లాడు జాన్‌ని ఎత్తుకుపోవాలని చూసి, పని జరగక, ఎపిబాటై అనే ఊళ్లో తను కట్టుకున్న కోటబురుజులోకి పారిపోయి దాక్కున్నాడు. కాంటకూజినోస్ ఏం చేశాడు? క్షమించి మళ్లీ నగరంలోకి రానిచ్చాడు! పైగా సెప్టెంబర్‌లో తను సైన్యంతో ఊరు దాటి పోయాడు. ఇంకేముంది, పాముకి పాలు పోసినట్టే అయింది. ఆయన అటు పోగానే ఇంటిని దోచుకున్నారు, ఆయన తల్లి థియోడోరాని ఖైదు చేశారు, పాపం ఆవిడ జనవరిలో అక్కడే చనిపోయింది. యుద్ధం ఎత్తులు అన్ని తెలిసిన మనిషికి దర్బారు ఎత్తులు ఇంత కూడా తెలియకపోవడం నాకెప్పుడూ ఆశ్చర్యమే.

అక్టోబర్ 26న డిడిమోటైకో అనే ఊళ్లో కాంటకూజినోస్‌ని చక్రవర్తిగా ప్రకటించారు. జేజేల్లో ముందు ఆనా పేరూ పిల్లాడి పేరూ చెప్పించి తన పేరు తర్వాతే పెట్టించుకున్నాడు, అది బాగానే ఉంది. కానీ హడావుడిగా కుట్టించిన రాజవస్త్రాల్లో లోపలిది ఒంటికి బిగుతైపోయింది, పైది వదులైపోయింది, అక్కడున్నోళ్లు దాన్ని శకునంగా చెప్పుకున్నారట. మర్నాడే ఏడ్రియానోపుల్‌లో, అంటే ఇప్పటి ఎడిర్నేలో, జనం తిరగబడి ఆయన పక్షం పెద్దోళ్ల ఇళ్ల మీద పడ్డారు. ఇది తేలిగ్గా తీసుకునే విషయం కాదు, ఎందుకంటే జనం అభిమానం అనే లెక్క వేస్తే ఆనా పక్షమే గెలుస్తుంది. కాంటకూజినోస్ ఎంత ఆస్తిపరుడో తనే తన చరిత్రలో రాసుకున్నాడు, యుద్ధంలో తను పోగొట్టుకున్నవి ఇవీ అని: 5,000 పశువులు, 1,000 కాడి ఎడ్లు, 2,500 ఆడగుర్రాలు, 200 ఒంటెలు, 50,000 పందులు, 70,000 గొర్రెలు, ధాన్యం సంగతి లెక్కే లేదట. ఒక్క మనిషికి! ఆ పక్క ఊళ్లో కూలి చేసుకునేవాడు ఈయన్ని చూసి ఏమనుకుంటాడు మరి. థెస్సలొనికాలో అయితే 1342 నుంచి జీలట్లు అనేవాళ్లు, అంటే పెద్దింటోళ్ల మీద తిరగబడి ఊరు చేతిలోకి తీసుకున్నవాళ్లు, ఏళ్ల తరబడి ఈయన్ని అడుగు పెట్టనివ్వలేదు.

అలాగని ఆనా పక్షం పేదల పక్షం అనుకుంటే అదీ పొరపాటే. అపోకాఫ్కోస్ ఉప్పు పన్నుల మీద పెరిగిన మనిషి, జనం కోపాన్ని వాడుకున్నాడు అంతే. పాలనకొస్తే ఖజానా ఖాళీ, 1343లో కిరీటం నగలు వెనిస్ వాళ్ల దగ్గర 30,000 డకట్లకి తాకట్టు పెట్టారు, అవి మళ్లీ ఇంటికి రాలేదు. సాయం కోసం 1344లో ఫిలిప్పొపోలిస్‌తో (ఇప్పటి ప్లోవ్‌డివ్) పాటు ఇంకొన్ని కోటలు బల్గేరియా రాజు చేతిలో పెట్టేశారు, ఆ సాయమేమో ఎందుకూ కొరగాలేదు. ఇక అపోకాఫ్కోస్, తన శత్రువుల కోసం కట్టిస్తున్న జైలు ఎలా వస్తోందో చూద్దామని 1345 జూన్ 11న కాపలా లేకుండా లోపలికి వెళ్లాడు, ఖైదీలు అక్కడికక్కడే చంపి తల గోడకి వేలాడదీశారు, మర్నాడు ఆయన మనుషులు ఆ ఖైదీల్లో దాదాపు 200 మందిని నరికేశారు. ఆ తర్వాత ఆ పక్షానికి బుర్ర అంటూ మిగల్లేదు.

విదేశీ సాయం విషయంలో ఇద్దరికీ చెరిసగం మార్కులు తీసేయాలి. కాంటకూజినోస్ మొదట సెర్బియా రాజు స్టెఫాన్ దుషాన్ పంచన చేరాడు, తర్వాత ఐదిన్ అనే టర్కు రాజ్యం అమీరు ఉమూర్ సైన్యం తెచ్చుకున్నాడు, చివరికి ఒట్టోమాన్ ఓర్హాన్‌కి 1346లో కూతురు థియోడోరాని ఇచ్చి పెళ్లి చేశాడు (నాయనమ్మ పేరే, పాపం ఇద్దరికీ ఆయన రాజకీయమే తగిలింది). చాలామంది ఇక్కడ ఆగిపోయి, చూశారా టర్కులకి తలుపు తీసింది ఈయనే అంటారు. ఆనా వాళ్లు కూడా సారుహాన్ అనే ఇంకో రాజ్యం టర్కుల్ని కిరాయికి పిలిపించారు మరి, వాళ్లు వచ్చి చెప్పిన పని వదిలేసి దోపిడీకి దిగారు. తేడా ఏంటంటే కాంటకూజినోస్ పిలిస్తే వాళ్లు మాట విన్నారు, ఆనా పిలిస్తే వినలేదు. మధ్యలో బాగుపడింది దుషాన్, ఈ ఇద్దరూ కొట్టుకుంటుంటే సెర్రెస్ పట్టుకుని 1346 ఏప్రిల్‌లో తనే చక్రవర్తినని కిరీటం పెట్టుకున్నాడు.

ఇప్పుడు అసలు చూడాల్సింది 1347 ఫిబ్రవరి ఒప్పందం. కాంటకూజినోస్ రాత్రిపూట రాజధాని గోల్డెన్ గేట్ దగ్గర కోటగోడలో చిన్న సందు చేయించుకుని దాదాపు 1,000 మందితో లోపలికొచ్చాడు, పగ తీర్చుకోవడాలు లేవు. షరతు ఏంటంటే పదేళ్లు తను పెద్ద చక్రవర్తి, జాన్ చిన్న చక్రవర్తి, ఆ తర్వాత ఇద్దరూ సమానం, కూతురు హెలెనాని జాన్‌కిచ్చి పెళ్లి. ఇదే మాట 1341 వేసవిలో కూర్చుని మాట్లాడుకుని ఉంటే పోయేది, ఆరేళ్లు దేశాన్ని తగలబెట్టి తేల్చింది ఇదా అని మండిపోతుంది నాకు. మే నెలలో పట్టాభిషేకం అయితే హాగియా సోఫియా గుమ్మటం కొంత ముందటేడే కూలి ఉంది కాబట్టి బ్లాకెర్నై చర్చిలో కానిచ్చారు. కిరీటాల్లో రాళ్లకి బదులు గాజు ముక్కలు, విందులో బంగారం వెండి పళ్లేల బదులు తగరంవీ మట్టివీ అని ఆ కాలం చరిత్రకారుడు నికెఫోరోస్ గ్రెగోరాస్ రాశాడు. ఆ ఏడాదే ప్లేగు కూడా దిగింది.

మరి ఎవరు మేలు అంటే, నేను కాంటకూజినోస్ అనే అంటాను, కానీ ఫుల్ మార్కులు వేసి కాదు. ఒకటి, సైన్యం నడపగలిగినవాడు ఆయనొక్కడే. రెండు, గెలిచాక పిల్లాణ్ణి బతకనిచ్చాడు, కళ్లు పొడిపించలేదు, బైజాంటైన్ అలవాట్లు తెలిసినోళ్లకి ఇదెంత పెద్ద విషయమో తెలుసు. మూడు, రాజధాని రేవుకి అవతలి గట్టున గలాటాలో జెనోవా వర్తకులు ఏడాదికి 200,000 బంగారు నాణేల సుంకం లాగుతుంటే రాజధానికి 30,000 మాత్రమే వస్తోందని చూసి, ఓడిపోయినా సరే, నౌకాదళం కట్టి కొట్లాటకి దిగాడు. మోరియాకి (దక్షిణ గ్రీస్‌లోని పెలొపొనీస్) పంపిన కొడుకు మాన్యుయెల్ అయితే 1349 నుంచి 1380 దాకా అక్కడ చక్కగా ఏలాడు. ఆయన వైపు కథంతా ఆయనే రాసుకున్నాడు కదా అని అనుమానం వస్తే గ్రెగోరాస్‌ని పక్కన పెట్టుకుని చదవండి, తర్వాత మతవాదాల్లో ఆయనకి బద్ధ విరోధి అయిన మనిషి, అయినా సమర్థత విషయంలో ఆనా పక్షాన్ని అంతకన్నా ఎక్కువే తిట్టాడు.

అయితే ఈ ఓటుకి గడువుంది. ఒప్పందం ప్రకారం 1357కి జాన్‌కి సమాన హోదా ఇవ్వాల్సింది పోయి, 1353లో సొంత కొడుకు మాథ్యూని సహచక్రవర్తిగా ప్రకటించాడు, జాన్ పేరు జేజేల్లోంచి తీయించాడు. ఏ ఒప్పందం చూపించి తను కుర్చీ ఎక్కాడో దాన్నే చింపేశాక ఇక ఆయన తరఫున మాట్లాడటానికి నా దగ్గర ఏమీ లేదు. మర్నాటి ఏడు భూకంపంలో డార్డనెల్స్ జలసంధి ఒడ్డున ఉన్న గల్లిపొలి గోడలు కూలి ఓర్హాన్ కొడుకు సులేమాన్ దాన్ని పట్టుకున్నాడు, ఏడాది చివరికల్లా కాంటకూజినోస్ సన్యాసం పుచ్చుకున్నాడు. 1353 నుంచి నా ఓటు జాన్‌కే.