తక్కువ కిరాయి లోడా, ఖాళీ బండా? కేరళ రిటర్న్‌లో ఏది మేలు?

తాడేపల్లిగూడెం నుంచి బియ్యంతో కొచ్చి వెళ్ళిన పది టైర్ల లారీకి అసలు చిక్కు సరుకు దించాకే మొదలవుతుంది. వెళ్ళేటప్పుడు కిరాయి ఎంతో బయల్దేరకముందే తెలుసు. వచ్చేటప్పుడు ఏం దొరుకుతుందో తెలియదు. బ్రోకర్ ఫోన్ చేసి, "పెరుంబావూరులో ప్లైవుడ్ ఉంది, విజయవాడకి. ఇరవయ్యారు వేలు. బండి పెడతారా?" అంటాడు. ఆ డబ్బు డీజిల్‌కే చాలదు. అయినా సింగిల్ లారీ ఓనర్లు చాలామంది కాసేపు గొణుక్కుని, ఆనక సరే అంటారు. ఇలాంటివాళ్ళ వల్లే మార్కెట్ పాడైందని లారీ ఓనర్ల సంఘం మీటింగుల్లో తిట్లు తినేదీ వీళ్ళే.

ఆ తిట్లలో సగమే న్యాయం ఉందని నా అభిప్రాయం. ఇరవయ్యారు వేల లోడును నలభై వేల లోడు పక్కన పెడితే ఎవరికైనా నష్టమే కనిపిస్తుంది. కానీ ఆ పూట కొచ్చిలో నలభై వేల లోడు లేదు. ఖాళీగా వచ్చెయ్యాలి, లేదా అక్కడే ఆగాలి, లేదా ఖాళీగా కోయంబత్తూరు దాకా వచ్చి అక్కడ వెతుక్కోవాలి. తక్కువ కిరాయిని పోల్చాల్సింది వీటితోనే.

ముందు ఖాళీ బండి లెక్క చూద్దాం. అంకెలు సులువుగా ఉండేలా వేస్తున్నాను, మీ బండికి తగ్గట్టు మార్చుకోండి. కొచ్చి నుంచి తాడేపల్లిగూడెం సుమారు 1,200 కిలోమీటర్లు. ఖాళీ బండి లీటరుకి 5 కిలోమీటర్లు ఇస్తే 240 లీటర్లు, లీటరు 95 చొప్పున 22,800 రూపాయలు. టోల్ 7,000, డ్రైవర్ బత్తా, తిండి 3,000 అనుకుందాం. మొత్తం 32,800. పైసా రాబడి లేకుండా ఇంత ఖర్చు.

అదే బండికి లోడు ఎక్కిస్తే మైలేజీ 4కి పడిపోతుంది. 300 లీటర్లు, అంటే 28,500. టోల్ మారదు, ఎందుకంటే జాతీయ రహదారి మీద టోల్ వేసేది బండి రకాన్ని బట్టి, లోపల సరుకుందా లేదా అని చూసి కాదు. బత్తా కూడా దాదాపు అంతే. కొత్తగా పడేది డీజిల్‌లో 5,700, కమీషన్, హమాలీ, మామూళ్ళు కలిపి ఓ 3,000. అంటే లోడు వల్ల పెరిగిన ఖర్చు 8,700, వచ్చింది 26,000. ఖాళీగా రావడం కంటే 17,300 మిగిలింది. మొత్తం ఖర్చులు రాసి చూస్తే రిటర్న్ ట్రిప్పు నష్టంలోనే ఉంది, నిజమే. కానీ 32,800 నష్టం 15,500కి దిగింది. డీజిల్‌కి చాలని కిరాయిని ఓనర్ ఎందుకు ఒప్పుకుంటాడో ఈ ఒక్క లెక్కతో తెలిసిపోతుంది. ఎలాగూ అదే రోడ్డున ఇంటికి రావాలి కదా.

బ్రోకర్‌కీ ఈ లెక్క తెలుసు, చిక్కంతా అక్కడే. ఓనర్ 8,700 దాటితే చాలనుకుంటాడని తెలిసిన మనిషి 40,000 ఎందుకిస్తాడు? పైగా గోదావరి జిల్లాల బియ్యం కేరళకి వెళ్ళినంత బరువు సరుకు అటునుంచి ఇటు రాదు. నిండుగా వెళ్ళిన లారీలన్నీ అక్కడ ఖాళీ అయ్యి, ఉన్న కాసిని లోడ్ల కోసం క్యూ కడతాయి. దానికి తోడు 2018 జులైలో కేంద్రం యాక్సిల్ (ఇరుసు) బరువు పరిమితి పెంచింది. పది టైర్ల బండి మొత్తం బరువు 25 టన్నుల నుంచి 28.5 టన్నులకి పెరిగింది. కాగితం మీద ఓనర్‌కి లాభమే. కానీ ఉన్న సరుకు తక్కువ బండ్లలో సర్దుకుపోతుంటే మిగిలిన బండ్లు ఏం చేస్తాయి? రేటు తగ్గించుకుంటాయి.

ఆగితే మంచి లోడు దొరకదా అంటే, దొరకొచ్చు. అయితే ఆగడానికీ రేటుంది. నెల కిస్తీ 55,000 అనుకోండి. ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ ప్రీమియం ఒక్కటే, 20 నుంచి 40 టన్నుల బండికి 2022లో పెట్టిన రేటు ప్రకారం, ఏడాదికి 43,950. దానిమీద పన్ను, సొంత నష్టానికి ప్రీమియం, నేషనల్ పర్మిట్, క్వార్టర్లీ టాక్స్. అన్నీ రోజులకి పంచి, ఆగిన రోజు డ్రైవర్‌కి ఇచ్చే బత్తా కలిపితే రోజుకు ఓ 2,700 తేలుతుంది. మూడు రోజులు ఆగి 34,000కి ఎక్కిస్తే, ఎక్కువొచ్చిన 8,000 ఆగినందుకే పోయింది. దీనికి నేను పెట్టుకునే కొలత సులువు: ఒక రోజు ఆగితే కిరాయి కనీసం రోజు ఖర్చుకి రెట్టింపు పెరిగేలా ఉండాలి, లేదంటే ఆగడం దండగ. రేపు ఎంత పెరుగుతుందో ఎవరు చెప్తారని అడగొచ్చు. ఎవరూ చెప్పలేరు. కానీ పార్కింగ్‌లో ఎన్ని ఆంధ్రా బండ్లు నిలబడి ఉన్నాయో డ్రైవర్‌ని లెక్కపెట్టి చెప్పమనండి, రేపటి రేటు చాలావరకు అందులోనే తెలుస్తుంది.

నాకు బాగా నచ్చే దారి కోయంబత్తూరు. కొచ్చి నుంచి దాదాపు 190 కిలోమీటర్లు, పాలక్కాడ్, వాళయార్ మీదుగా. ఖాళీగా వస్తే 38 లీటర్లు, 3,600 రూపాయలు. అదెలాగూ ఇంటి దారే కాబట్టి ఆ డీజిల్ వృథా అనుకోనక్కర్లేదు. అక్కడ పంపులు, మోటార్లు, నూలు, మెషినరీ తయారవుతాయి. బ్రోకర్ ఆఫీసులూ ఎక్కువే. ఇంకాస్త ముందుకొస్తే సేలం, నామక్కల్, సంకగిరి అన్నీ లారీల ఊళ్ళే. కొచ్చిలో ఒక్క బ్రోకర్ మాట మీద ఆధారపడే మనిషి ఇక్కడ నలుగురిని అడగగలడు. మిగిలిన దూరం తక్కువైనా కిరాయి కొచ్చి లోడుతో సమానంగా పలికిందంటే గెలిచినట్టే. అయితే తమిళ బండ్లకి అది సొంత ఊరు, ముందు వాళ్ళవే నిండుతాయి. అందుకే కొచ్చిలో సరుకు దింపుతుండగానే కోయంబత్తూరుకి ఫోన్లు కొట్టాలి. బండి కదిలాక మొదలుపెడితే ఒక రోజు అక్కడ పోతుంది.

ఇంత తెలిసినవాడు కూడా కొచ్చిలోనే ఇరవయ్యారు వేలకి ఎందుకు తలూపుతాడంటే, చేతిలో డబ్బు లేక. రాత్రి ఎనిమిదింటికి డ్రైవర్ ఫోన్ చేస్తాడు. "ఓనర్‌గారూ, ఫాస్టాగ్‌లో నూట ఎనభై ఉన్నాయండి. పాలియెక్కర టోల్‌కే చాలవు. ట్యాంకులో డీజిల్ పాలక్కాడ్ దాకా వస్తుందేమో." బియ్యం మిల్లు నుంచి రావాల్సిన బ్యాలెన్స్, డెలివరీ రసీదు చేరితేగానీ రాదు. ఆ రసీదేమో డ్రైవర్ సంచీలో ఉంది. పదో తారీఖున కిస్తీ. ఈ టెన్షన్‌లో బ్రోకర్ "లోడు ఎక్కగానే ఇరవై రెండు వేలు అడ్వాన్స్ కొడతాను" అంటే వినిపించేది అడ్వాన్సే, కిరాయి కాదు. లెక్క రాని మనిషి అనుకుంటే పొరపాటు. ఆ రాత్రికి బండి కదలాలంటే అతనికి వేరే దారి లేదు. ట్రిప్పుకి ముందే రిటర్న్ డీజిల్ డబ్బు ముప్పై వేలు విడిగా పెట్టుకోగలిగినవాడికి కోయంబత్తూరు దారి తెరిచి ఉంటుంది, లేనివాడికి మూసుకుపోతుంది. ఇద్దరి మధ్యా తేడా తెలివిలో లేదు.

రిటర్న్‌కి పనికొచ్చే ఈ లెక్కని ఇంటి దగ్గర ఎక్కించే లోడుకి వాడితే మాత్రం మునగడమే. గూడెంలో బండి ఇంటి ముందే ఉంది. డ్రైవర్‌కి బత్తా లేదు, దాటాల్సిన దూరమేమీ లేదు. అక్కడ తక్కువ కిరాయి ఒప్పుకుంటే రానూ పోనూ రెండు వైపులా నష్టమే. సంఘంవాళ్ళ కోపంలో న్యాయమున్న సగం ఇదే. వెళ్ళే లోడు రెండు వైపుల ఖర్చులో ఎక్కువ భాగం మోయాలి. మోయకపోతే బండి కదపొద్దు.

అలాగే ఇంటికి దూరం చేసే లోడు. కొచ్చిలో పుణెకి టన్నుకి మంచి రేటు పలుకుతుంది, ఆశ పుడుతుంది. పుణెలో దించాక మళ్ళీ ఇదే కథ, ఇంకా తెలియని ఊళ్ళో. తెలిసిన బ్రోకర్ లేకపోతే దానికంటే విజయవాడకి తక్కువ కిరాయే నయం. సీజన్ కూడా చూడాలి. ఏప్రిల్, మే నెలల్లో ఒకపక్క నూజివీడు మామిడి, ఇంకోపక్క రబీ ధాన్యం. ఇక్కడ బండ్లకి గిరాకీ పెరిగినప్పుడు కొచ్చిలో రెండు రోజులు ఆగేకంటే ఖాళీగా పరుగెత్తుకొచ్చినా తప్పులేదు.

తక్కువ కిరాయిని ఓవర్‌లోడుతో సరిపెడదామనే ఆలోచన గురించి ఎక్కువ రాయను. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో దానికి జరిమానా 20,000, పైగా అదనపు టన్నుకి 2,000 చొప్పున. ఎక్కువైన సరుకు దింపించే ఖర్చూ మనదే. ఒక్కసారి కాటా దగ్గర దొరికితే ఎన్నో ట్రిప్పుల మిగులు పోతుంది.

ఈ బాధలన్నీ ఎందుకని బండిని కంపెనీకి అటాచ్ చేసేవాళ్ళున్నారు. రేటు మార్కెట్ కంటే తక్కువే, కానీ లోడు కోసం వెతుక్కోనక్కర్లేదు. కిస్తీ పెద్దది, పక్కన డబ్బు లేదు అనే కొత్త ఓనర్‌కి మొదటి రెండు మూడేళ్ళు ఇదే మేలంటాను. కిస్తీలు తీరిన బండికి అంత అవసరం లేదు. కాకపోతే బిల్లు రెండు నెలలకి వస్తే, ఆ రెండు నెలల డీజిల్ మన జేబులోంచే పెట్టాలి. ఉద్యం (చిన్న సంస్థలకి కేంద్రం ఇచ్చే) రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న సంస్థకి 45 రోజుల్లోగా చెల్లించాలని చట్టం ఉంది. చట్టం చూపించి అడిగితే తర్వాతి లోడు వస్తుందా అనేది వేరే సంగతి, అయినా రిజిస్ట్రేషన్ చేయించుకోవడం మంచిదే. పది లేదా అంతకంటే తక్కువ లారీలున్న ఓనర్ పాన్‌తో డిక్లరేషన్ ఇస్తే కిరాయిలో టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోయకూడదు. ఆ కాగితం ఇవ్వక పోగొట్టుకునేవాళ్ళు ఎక్కువ. అగ్రిమెంట్‌లో ముందు వెతకాల్సింది రెండు లైన్లు: డీజిల్ పెరిగితే రేటు పెరుగుతుందా, కంపెనీ గేటు బయట ఆగాల్సొస్తే రెండో రోజు నుంచి హాల్టింగ్ (ఆగినందుకిచ్చే డబ్బు) ఎంత. ఆ రెండూ లేకపోతే కొచ్చి బ్రోకరే నయం, అతను కనీసం అడ్వాన్స్ ఇస్తాడు.