కోనసీమ కాలువ గట్ల మీద సైకిలు: ఏళ్ల వాడకం తర్వాత

పి.గన్నవరం, అమలాపురం మధ్య ఊళ్లలో ఎన్నో ఏళ్లుగా సైకిలు మీదే తిరుగుతున్నాను. డెల్టా అంతా చదును నేల, తొక్కడం తేలిక అంటారు చాలామంది. అది సగం మాటే. చదునైతే చాలనుకుంటే 216వ జాతీయ రహదారి మీద కూడా హాయిగా పోవాలి. అక్కడ లారీ పక్కనుంచి వెళ్తే ఆ గాలికే హ్యాండిలు ఊగిపోతుంది. మా వైపు సైకిలు ఇంకా బతికుందంటే మెయిన్‌రోడ్డు కాక ఇంకో దారి ఉండబట్టే: కాలువ గట్టు, లేదంటే ఊరి పుంత, అంటే బండ్లు పోయే మట్టిబాట.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయింది. దాని కాలువలు ఊళ్లను ఒరుసుకుంటూ పారతాయి కాబట్టి గట్టు పట్టుకుంటే బడికి, సంతకి, చేలోకి పోవచ్చు. నిద్రగన్నేరు చెట్లున్న మేర మే నెల మధ్యాహ్నం కూడా తొక్కగలం. చెట్లు కొట్టేసిన చోట పదయ్యాక కష్టం. గట్టుకి తారు వేస్తామంటే నాకూ సంతోషమే, కానీ చెట్లు ఉంచుతారా లేదా అని ముందే అడగాలి.

వానాకాలం మట్టిగట్టు జోలికి పోకండి. నల్లమట్టి టైరుకి చుట్టుకుని మడ్‌గార్డులో బిగుసుకుంటుంది. పుల్లతో గీకి నాలుగడుగులు వేస్తే మళ్లీ అంతే. ఆ నెలల్లో ఊళ్లోని సిమెంటు రోడ్లే దిక్కు.

కోతల రోజుల్లో రోడ్డు సగం ధాన్యమే. రైతుకి ఆరబెట్టే చోటు లేదు, తప్పుపట్టలేం. కానీ ధాన్యం ఎత్తాక బరకాల అంచున పెట్టిన రాళ్లు అక్కడే ఉండిపోతాయి. చీకట్లో వాటి మీదికెక్కితే మనిషి పడ్డట్టే. తడి గడ్డి వెనక చక్రం ఇరుసుకి చుట్టుకుంటే చేత్తో లాగినా రాదు, కత్తితో కోయాల్సిందే. మంచి లైటు, చిన్న చాకు ఉంచుకోండి.

ఇక్కడ ఇల్లు చూసుకునేవాళ్లు పంక్చరు షాపు ఎంత దూరమో కనుక్కోండి. బైకుల ట్యూబ్‌లెస్ టైర్లు తప్ప సైకిలు ట్యూబు ముట్టని షాపులు ఎక్కువయ్యాయి. నడిపించుకుని పోయేంత దూరంలో సైకిలు బాగుచేసే మనిషి ఉంటే ఆ ఊరికి నా ఓటు.

నరసాపురం పోవాలంటే సఖినేటిపల్లి రేవులో సైకిలుతో సహా పంటు (గోదావరి దాటించే పెద్ద పడవ) ఎక్కేయొచ్చు. ఎక్కాక స్టాండు వేసి వదలకండి, హ్యాండిలు పట్టుకునే నిలబడండి.