కాంగ్రెస్ సభ్యుడి వారపు లేఖ, దాని వెనుక ఉన్న సహాయ విభాగం: ఒక సమీక్ష

న్యూజెర్సీలో మేము నివసించే నియోజకవర్గం నుంచి అమెరికా కాంగ్రెస్‌కు, అంటే జాతీయ చట్టసభకు, ఎన్నికైన సభ్యుడి కార్యాలయం వారానికొకసారి ఈమెయిల్ ద్వారా ఒక లేఖ పంపుతుంది. హక్కులు, వలస వ్యవహారాలు, ప్రభుత్వ సహాయం అనే మూడు విషయాలపై వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే వదంతులకు భయపడే మనవాళ్ళకు ఇది అక్కరకొస్తుందని నా గట్టి నమ్మకం. ఓటు హక్కు లేనివారు తమకు ప్రతినిధే లేడనుకుంటారు గానీ, హెచ్-1బి ఉద్యోగ వీసా మీద ఉన్నవారైనా నియోజకవర్గంలో నివసిస్తుంటే ఆ కార్యాలయం తలుపు తట్టవచ్చు.

లేఖలో అన్నిటికంటే శ్రద్ధగా రాసేది హక్కుల భాగం. వలస అధికారులు ఇంటికి వస్తే ఏం చేయాలన్న ప్రశ్నకు ఊరడింపు మాటలతో సరిపెట్టకుండా, వారు చూపే కాగితంలో ఏ భాగం చదవాలో చెప్పారు. పైన కోర్టు పేరు, కింద న్యాయమూర్తి సంతకం ఉంటే అది న్యాయస్థానం ఇచ్చిన వారెంటు. హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పేరుతో, ఐ-200 లేదా ఐ-205 అన్న ఫారం సంఖ్యతో, వలస అధికారి సంతకంతో ఉంటే అది ఆ శాఖ తనంతట తాను ఇచ్చుకున్నది. ఈ రెండవ రకం కాగితం చూపినంత మాత్రాన తలుపు తీయనవసరం లేదని, మౌనంగా ఉండే హక్కు పౌరులు కానివారికీ ఉందని, అయితే అబద్ధం మాత్రం చెప్పరాదని వివరించారు. పద్దెనిమిదేళ్ళు నిండిన గ్రీన్‌కార్డుదారులు కార్డును వెంట ఉంచుకోవాలని, ఇల్లు మారితే 10 రోజుల్లోగా కొత్త చిరునామా తెలియజేయాలని కూడా గుర్తుచేశారు. అపార్ట్‌మెంటు మారిన హడావిడిలో మనవాళ్ళు తరచుగా మరిచిపోయేది ఈ రెండవదే కనుక, హక్కుల పక్కనే బాధ్యతలను రాయడం నాకు బాగా నచ్చింది.

2025 సెప్టెంబరులో హెచ్-1బికి లక్ష డాలర్ల చెల్లింపు విధిస్తూ అధ్యక్షుడి ప్రకటన వెలువడినప్పుడు, సెలవులకు ఇండియా వెళ్ళినవారు ఉన్నపళంగా తిరుగు టికెట్లు కొనుక్కున్నారు. అది సెప్టెంబరు 21 తర్వాత వేసే కొత్త పిటిషన్లకే తప్ప అప్పటికే వీసా ఉన్నవారికి వర్తించదన్న అధికారుల వివరణను లేఖ పెద్ద అక్షరాలతో అందించింది.

లేఖ కంటే విలువైనది దాని వెనుక పనిచేసే సహాయ విభాగం. మా పిన్ని గ్రీన్‌కార్డు పునరుద్ధరణకు ఐ-90 దరఖాస్తు పంపితే రసీదు అందలేదు; పాత కార్డు గడువును 36 నెలలు పొడిగించేది ఆ రసీదే కనుక, ఇండియా ప్రయాణం పెట్టుకున్న ఆమెకు నిద్ర పట్టలేదు. 1974 నాటి గోప్యతా చట్టం ప్రకారం ఆమె సంతకంతో అనుమతి పత్రం లేనిదే తాము వలస దరఖాస్తులు చూసే ప్రభుత్వ సంస్థ అయిన యూఎస్‌సీఐఎస్‌ను ఒక్క మాట కూడా అడగలేమని కార్యాలయ ఉద్యోగిని మొదటే చెప్పారు. చెక్కులతో రుసుము కట్టిన రోజులవి. బ్యాంకు నుంచి తిరిగొచ్చిన చెక్కు ప్రతిని తిప్పి చూడమని, రసీదు సంఖ్య దాని వెనుక ముద్రించి ఉంటుందని చెప్పినది కూడా ఆమే. ఆ సంఖ్యతో వాకబు చేసి, ప్రయాణానికి ముందే నకలు రసీదు ఇప్పించారు. తాము ఆరా తీయగలమే గానీ నిర్ణయాన్ని మార్చలేమని, వరుసలో ముందుకు నెట్టలేమని ఆమె స్పష్టంగా చెప్పడం వల్ల నాకు ఆ కార్యాలయం మీద గౌరవం పెరిగింది. ఏటా 1,40,000 ఉద్యోగ ఆధారిత గ్రీన్‌కార్డులు, ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి అన్నవి 1990 నాటి చట్టం పెట్టిన హద్దులు. వాటిని మార్చవలసింది కాంగ్రెస్సే తప్ప ఈ విభాగం కాదు.

ప్రభుత్వ సహాయం దగ్గరకు వచ్చేసరికి లేఖ తడబడుతుంది. 2025 అక్టోబరు 1 నుంచి నవంబరు 12 వరకు నిధులకు ఆమోదం లేక ప్రభుత్వం స్తంభించి స్నాప్ ఆహార సహాయానికి ఆటంకం కలిగినప్పుడు ఉచిత ఆహార కేంద్రాల వివరాలు వెంటనే పంపారు. అది మెచ్చదగిన పని. కానీ అర్హతల గురించి రాసేటప్పుడు పౌరులు కానివారందరినీ ఒకే గాటన కట్టేస్తున్నారు. ఇక్కడ పుట్టిన పిల్లలకు, తల్లిదండ్రుల వీసా ఏదైనప్పటికీ, ఆదాయ పరిమితికి లోబడి స్నాప్ అర్హత ఉంటుంది. అరవై అయిదేళ్ళు దాటిన గ్రీన్‌కార్డుదారులు అయిదేళ్ళు ఎడతెగకుండా ఇక్కడ నివసించాక ప్రీమియం కట్టి వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా అయిన మెడికేర్‌లో చేరవచ్చు. అమ్మానాన్నలను తెచ్చుకున్న ప్రతి తెలుగు కుటుంబానికీ కావలసిన ఈ సంగతులు లేఖలో నాకు ఎక్కడా కనబడలేదు.

మరొక లోపం భాష. లేఖ ఇంగ్లీషులోను, స్పానిష్‌లోను మాత్రమే వస్తుంది. పగటిపూట ఇంట్లో ఒంటరిగా ఉండి తలుపు తీసేది పెద్దవాళ్ళే కనుక, వారెంటు పేరానైనా తెలుగులో ఇమ్మని కార్యాలయానికి రాశాను. మీరే అనువదించి పంపితే పరిశీలిస్తామని సమాధానం వచ్చింది. మా వీధిలోని ఇద్దరు ఉపాధ్యాయులతో కలిసి ఆ పని మొదలుపెట్టాను.