కొండచిలువ లింగనిర్ధారణ: సలాకా, బొటనవేలా?

తిరుపతిలోని శ్రీ వేంకటేశ్వర జంతు ప్రదర్శనశాల వంటి గుర్తింపు పొందిన చోట్ల (మన కొండచిలువను ఇంట్లో పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం) జత కట్టించే ముందు లింగం తేల్చుకోవడానికి రెండు చేతిపద్ధతులున్నాయి: మలద్వారంలోకి సన్నని సలాక జొనిపి చూడటం, తోక మొదలును బొటనవేలితో నొక్కి చూడటం.

ఖర్చు: సలాకకు గుండ్రటి కొనలున్న స్టీలు సెట్టు కావాలి, నొక్కి చూడటానికి ఏమీ అక్కర్లేదు.

పని: జెల్ పూసిన సలాకను మలద్వారం అంచు నుంచి తోక కొనవైపు మెల్లగా జొనిపితే, ఆడదానిలో సాధారణంగా (తోక అడుగు పొలుసుల లెక్కన) 5 పొలుసులలోపే ఆగుతుంది, మగదానిలో హెమిపెనిస్ (తోకలో దాగుండే జంట జననాంగాల్లో ఒకటి) సంచిలోకి జారి తరచుగా 10 దాటుతుంది. రెండవ పద్ధతిలో తోక మొదలును బొటనవేలితో ద్వారం వైపు దొర్లిస్తే మగపిల్లలో ఎర్రటి ఆ జంట అవయవాలు బయటపడతాయి.

ప్రమాదం: బలవంతంగా తోసిన సలాక సంచిని చీల్చవచ్చు, గట్టిగా నొక్కితే లేత తోక నలుగుతుంది. పాము బిగబట్టుకుంటే రెండింటిలోనూ మగదే ఆడదనిపిస్తుంది. ద్వారం పక్కనుండే గోళ్లలాంటి ముళ్లు మగవాటికి పెద్దవన్నది నిజమే గానీ, వాటినొక్కటే నమ్మడం నాకు సమ్మతం కాదు.

గుడ్డు వీడిన కొద్ది రోజుల పిల్లలకైతే, అనుభవమున్న చేయి ఉంటే, నొక్కడమే మేలు. కండ బలిసిన పెద్దవాటికి పశువైద్యుని చేతిలోని సలాకే తగినది, పట్టుకోవడానికి మరో ఇద్దరుండాలి.