మా అమ్మాయికి మెంటర్ అక్క: ఎనిమిది నెలల తర్వాత నా అభిప్రాయం

మా అమ్మాయికి పదేళ్లు. ఇంట్లో గలగలా మాట్లాడుతుంది, బయట ఎవరైనా పేరడిగితే నా వెనక దాక్కుంటుంది. క్లాసులో జవాబు తెలిసినా చెయ్యెత్తదు, తప్పయితే నవ్వుతారని భయం. పక్కన కూర్చుని "నువ్వు చెప్పగలవమ్మా, భయపడకు" అని నేను ఎన్నిసార్లు అంటే అంత ముడుచుకుపోయేది. అందుకే వారానికో గంట, ఒక పిల్లకి ఒకే మెంటర్ ఉండే ఆన్‌లైన్ సర్వీసులో చేర్పించాం.

మొదటి నెల నాకు టెన్షనే. పాఠం లేదు, హోంవర్క్ లేదు, ఇద్దరూ పక్షుల గురించి మాట్లాడుకోవడమే. తర్వాత అర్థమైంది, మా పిల్లకి బాగా తెలిసిన విషయంతో మొదలుపెట్టి, ఆ అక్క తనే నేర్చుకునే మనిషిలా కూర్చుంది. ఆ తర్వాత మెట్టు మెట్టుగా పిల్ల చేత చెప్పించింది: ముందు కెమెరా ఆపేసి చెప్పడం, తర్వాత కెమెరా పెట్టుకుని చెప్పడం, తర్వాత అమ్మమ్మకి ఫోన్లో చెప్పడం, ఆ తర్వాత క్లాసులో ఒక్క డౌట్ అడగడం. జవాబు కాదు, డౌట్. డౌట్‌లో తప్పయ్యే భయం ఉండదు కదా, ఆ ఆలోచన నాకెప్పుడూ తట్టలేదు.

అన్నిటికంటే నాకు నచ్చింది ఆ అక్క ఆగడం. పిల్ల మధ్యలో ఆగిపోతే తను మాట అందించదు, ఊరికే చూస్తూ ఉంటుంది. పక్క గదిలో వింటున్న నాకే నోటిదాకా వచ్చేసేది. నలభై మంది ఉన్న క్లాసులో ఏ టీచరైనా ఒక్కరి కోసం అంతసేపు ఎలా ఆగగలరు? మెచ్చుకోవడం కూడా "నువ్వు తెలివైనదానివి" అని కాదు, "రెండో వాక్యం దగ్గర ఆగిపోయి మళ్ళీ నువ్వే అందుకున్నావు చూడు" అని. నా ధైర్యవచనాలు ఎందుకు పనిచేయలేదో బందూరా అనే సైకాలజిస్టు 1977లోనే చెప్పాడు. ఎవరో చెప్పిన మాట కంటే తను స్వయంగా చేసి గెలిచిన అనుభవమే నమ్మకాన్ని ఎక్కువగా పెంచుతుందట.

ఇక ఫిర్యాదు. నాలుగో నెలలో "మీ మెంటర్ మారుతున్నారు" అని టైమింగ్ మార్చినంత తేలిగ్గా మెసేజ్ పెట్టారు. పిల్ల రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. ఇది చిన్న విషయం కాదు. 2002లో గ్రాస్‌మన్, రోడ్స్ ప్రచురించిన పరిశోధనలో ఏడాది, అంతకు మించి సాగిన మెంటర్-పిల్లల జోడీల్లోని పిల్లలకే ఎక్కువ మేలు కనిపించింది, మూడు నెలల్లోపే తెగిపోయిన చోట పిల్లలకి తమ మీద తమకున్న విలువ తగ్గింది. గట్టిగా పోట్లాడితే అదే అక్కని ఉంచారు. నెలనెలా పంపే ప్రోగ్రెస్ రిపోర్టులో స్టార్లు, శాతాలు తప్ప ఏమీ ఉండదు, నేను చూడటం మానేశాను.

చేర్పించే ముందు మెంటర్ వివరాలు ఎలా సరిచూస్తారో అడగండి, సెషన్ జరిగేటప్పుడు గది తలుపు తీసే ఉంచండి. ఇంట్లో బాగా మాట్లాడే పిల్ల స్కూల్లో నెలల తరబడి అసలు నోరే విప్పకపోతే మాత్రం ముందు పిల్లల సైకాలజిస్టుకి చూపించాలి, అది మెంటర్ చేసే పని కాదు.

అయిదుకి నాలుగు ఇస్తాను. మా పిల్ల ఇప్పటికీ స్టేజి ఎక్కదు, కానీ పోయిన వారం క్లాసులో చెయ్యెత్తి తప్పు జవాబు చెప్పిందట, ఇంటికొచ్చి తనే చెప్పింది. ఇంకో నాలుగు నెలలకి ఫీజు కట్టాం, అదే అక్క ఉంటుందని ఈసారి ముందే రాయించుకున్నాం.