తొట్టిలో నేర్చుకుని నీల్ దీవిలో ఈదాం

మాది ఇందుకూరుపేట. మైపాడు సముద్రం పక్కనే ఉన్నా మా ఇంట్లో ఎవరూ మోకాళ్ల లోతు దాటి పోరు. అక్కడ నీళ్లు మసకగా ఉంటాయి, కెరటం వెనక్కి పోతూ కాళ్ల కింద ఇసుక లాగేస్తుంది. అందుకే అండమాన్‌లో స్నార్కెలింగ్, అంటే కళ్లూ ముక్కూ కప్పే మాస్క్, ఊపిరి గొట్టం పెట్టుకుని నీటి మీద తేలుతూ అడుగున చూడటం, అనగానే మా ఆవిడకు టెన్షన్ పట్టుకుంది. టికెట్లు తీసిన వారంలోనే పిల్లల సైజు మాస్క్, గొట్టం కొన్నాను. పెరట్లో నీళ్ల తొట్టి నింపి, పదేళ్ల మా అమ్మాయిని ముఖం ముంచి నోటితో ఊపిరి తీసుకోమన్నాను. మొదటి రోజు నాలుగు ఊపిర్లకే లేచేసింది. వారం తిరిగేసరికి ఐదు నిమిషాలు కదలకుండా ఉంది. ఈ యాత్రలో మమ్మల్ని కాపాడింది ఆ తొట్టే.

చెన్నై దాకా రైలు, అక్కడి నుంచి రెండు గంటల పైచిలుకు విమానం. పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ ఒక్క రాత్రి చాలు. హేవ్‌లాక్, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో రెండు రాత్రులున్నాం. గది బాగుంది, ఏసీ బాగుంది, తిండికి మాత్రం డబ్బులు నీళ్లలా పోయాయి.

అక్కడి ఎలిఫెంట్ బీచ్‌కు పడవలో తీసుకెళ్లారు. ఆ టికెట్లోనే స్నార్కెలింగ్ ఉచితం అన్నారు. అదే మాకు చేదు అనుభవం. అంతకుముందు గుంపు విప్పిన మాస్కులే కడగకుండా ఇచ్చారు. మా పాప మాస్క్ సూట్‌కేసులో ఉండిపోయింది, తేకపోవడం నా తప్పే. పెద్దవాళ్లది తగిలించి, ఏం కాదులే అని ఐదుగురిని నీటిలో తేలే ఒకే గాలి ట్యూబుకు పట్టించి లాక్కుపోయారు. రెండు నిమిషాల్లో మాస్క్‌లోకి నీళ్లొచ్చాయి, పాప ఉక్కిరిబిక్కిరైంది. ఒడ్డుకొచ్చాక చూస్తే నుదుటి మీద నాలుగు వెంట్రుకలు రబ్బరు అంచు కింద ఇరుక్కుని ఉన్నాయి. నీళ్లు రావడానికి ఆ సందు చాలు.

మాస్క్ సరిపోయిందో లేదో చూడటం తేలిక. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో గాలి లోపలికి పీల్చి చెయ్యి వదిలేయాలి. ఊడిపడకుండా అతుక్కుంటే అది మీ మాస్క్. పడిపోతే ఎంత ఖరీదైనదైనా వద్దు.

నీల్ దీవిలో, అంటే షహీద్ ద్వీప్‌లో, మాకు దొరికిన గైడ్ వేరే మనిషి. డబ్బుల మాట ఎత్తకముందే ఈత వచ్చా, బీపీ ఉందా, ఆస్తమా ఉందా అని అడిగాడు. మా బావకు బీపీ అని తెలిసి ఆయన్ని నడుం లోతులోనే ఉంచాడు. మునిగినవాళ్లు బొటనవేలు పైకెత్తితే బాగుందని కాదు, పైకి పోదామని అర్థమట. బాగుంటే బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుట్టాలి. గొట్టంలోకి నీళ్లొస్తే గట్టిగా ఊదమని నడుం లోతులోనే పదిసార్లు చేయించాడు. భయమేస్తే చేతులు కొట్టుకోకుండా వెల్లకిలా తిరిగి తేలమన్నాడు, మిగతా పని లైఫ్ జాకెట్ చూసుకుంటుంది.

మన జాలర్లలాగే ఆయనా పోటు (సముద్రం పెరగడం), పాటు (తగ్గడం) చూసుకునే టైమ్ చెప్పాడు. పాటు వేళ భరత్‌పూర్ బీచ్‌లో పగడపు దిబ్బలు నీటి పైకి వచ్చేస్తాయి, మోకాళ్లు చీరుకుపోతాయి. వాటి మీద నిలబడితే మన కాళ్లకే కాదు, వాటి ప్రాణానికీ ముప్పే. పగడం రాయి కాదు, జీవి.

మర్నాడు పొద్దున్నే పోటు మీద దిగాం. పాప తన సొంత మాస్క్‌తో నా చెయ్యి పట్టుకుని నలభై నిమిషాలు తేలింది. ఒక చిలుక చేప పగడాన్ని కొరుకుతుంటే పటపటమని చప్పుడు నీళ్లలో స్పష్టంగా వినబడింది.

నీల్‌లో మా వెదురు కాటేజీకి రాత్రి రెండుసార్లు కరెంటు పోయింది, వేడినీళ్లు బకెట్‌తో తెచ్చిచ్చారు. అయినా మళ్లీ పోతే అక్కడే మూడు రాత్రులుంటాను, హేవ్‌లాక్‌కు ఒక్కటి చాలు. రాధానగర్ బీచ్ సాయంత్రం చూసుకుని వచ్చేయొచ్చు, చలికాలంలో సూర్యుడు ఐదు గంటల ప్రాంతంలోనే దిగిపోతాడు.

జనవరిలో మా పక్కింటివాళ్లు పోతున్నారు. పిల్లాడికి మాస్క్ అడిగితే పట్టీ తీసి వాడి ముఖానికి ఆనించాను. పడిపోయింది. వాడి కొలతకు వేరేది కొనుక్కోమని చెప్పి, తొట్టి నింపి పెట్టాను.