ఇల్లు హైదరాబాద్‌లో, యజమాని వేరే రాష్ట్రంలో: ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సేవలకు ఇచ్చే డబ్బు దేనికి?

కొండాపూర్‌లోనో నిజాంపేటలోనో ఫ్లాట్ కొనుక్కుని, ఉద్యోగం పుణేలోనో డల్లాస్‌లోనో చేసుకునేవాళ్ల కోసం హైదరాబాద్‌లో ప్రాపర్టీ మేనేజ్‌మెంట్ సేవలు చాలానే వచ్చాయి. అందరూ చెప్పేది ఒకటే మాట: కిరాయిదారుని తెస్తాం, అగ్రిమెంట్ రాయిస్తాం, అద్దె వసూలు చేస్తాం, రిపేర్లు చూసుకుంటాం. వీటిలో మొదటి మూడింటికి నెలనెలా ఫీజు కట్టాల్సిన పని లేదు. కిరాయిదారుని బ్రోకర్ తెస్తాడు, అగ్రిమెంట్ ఏడాదికోసారి వచ్చే పని, అద్దె యూపీఐలో నేరుగా ఖాతాలో పడుతుంది. డబ్బు పెట్టాల్సింది నాలుగో పనికి, అంటే మన బదులు ఇంట్లోకి వెళ్లి గోడ మీద చెయ్యి పెట్టి చూసే మనిషికి. ఈ సేవల్ని ఆ ఒక్క పనిని బట్టే తూచాలి.

ముందు ఫీజు సంగతి. నెల అద్దెలో 5 నుంచి 10 శాతం అడగడం మామూలే. 30,000 అద్దె వచ్చే ఫ్లాట్‌కి 8 శాతం చొప్పున 2,400, దాని మీద 18 శాతం జీఎస్టీ 432, మొత్తం 2,832. ఏడాదికి 33,984. ఆ ఏడాదిలో కిరాయిదారు మారితే కొత్తవాళ్లని తెచ్చినందుకు కనీసం సగం నెల అద్దె, 15,000, జీఎస్టీతో 17,700. రెండూ కలిపి 51,684, అంటే ఏడాది అద్దెలో 14 శాతం పైనే. ఇల్లు ఖాళీగా ఉన్న నెలలకు కూడా ఫీజు పడుతుందా అన్నది అగ్రిమెంట్‌లో వెతికి చూడండి. చాలాచోట్ల పడుతుంది. రిపేర్ బిల్లుల మీద సర్వీస్ చార్జి వేస్తారా, లేక ప్లంబర్ ఇచ్చిన బిల్లునే పంపుతారా అని కూడా అడగాలి. 2,000 రూపాయల లోపు పనులు అడక్కుండా చేయించొచ్చు, ఆపైన మాత్రం ఫోటో, కొటేషన్ పంపి ఒప్పుకున్నాకే చేయించాలి అని రాయించుకుంటే రెండు వైపులా తలనొప్పి ఉండదు.

ఇక అసలు పరీక్ష. దూరాన ఉన్న యజమానిని నిద్రపోనివ్వనిది కింది ఫ్లాట్ సీలింగ్ మీద కనిపించే తడి మచ్చ. మన అపార్ట్‌మెంట్లలో బాత్రూమ్ స్లాబ్‌ని కిందికి దించి కడతారు. ఆ పల్లంలో డ్రైనేజీ పైపులు వేసి, ఇటుక ముక్కలతో నింపి, పైన టైల్స్ పరుస్తారు. టైల్స్ మధ్య సిమెంట్ కరిగిపోయినా, నేల మీది నీళ్లు బయటికి పోయే నహానీ ట్రాప్ చుట్టూ సందు పడినా నీళ్లు ముందు ఆ నింపుడులో చేరతాయి. కింద మచ్చ కనబడేసరికి వారాలు గడిచి ఉంటాయి. పైన రెండు రోజులు వాడటం మానేసినా కింద చుక్కలు పడుతూనే ఉండేది అందుకే.

మంచి సేవ పంపే ప్లంబర్ పగలగొట్టడం మొదలుపెట్టడు. మొదట నీళ్లొచ్చే లైన్‌కి ప్రెషర్ పంప్ తగిలించి ముల్లు చూస్తాడు. ముల్లు దిగుతూ పోతే గోడలోని పైపు లీకు. నిలబడితే ఆ పైపు బాగున్నట్టే. తర్వాత నహానీ ట్రాప్‌ని గుడ్డ, ప్లాస్టిక్ కవర్ పెట్టి మూసి, నేల మీద అంగుళం ఎత్తు నీళ్లు నిలిపి, గోడ మీద పెన్సిల్‌తో గీత పెట్టి 24 గంటలు వదిలేస్తాడు. మట్టం బాగా దిగినా, కింద చుక్కలు ఎక్కువైనా తప్పు టైల్స్ సందుల్లోనో వాటర్‌ప్రూఫింగ్‌లోనో ఉంది. అదీ కాకపోతే రంగు కలిపిన నీళ్లు ట్రాప్‌లో ఒకసారి, కమోడ్‌లో ఒకసారి పోసి కింద ఏ రంగు దిగుతుందో చూడటం. తక్కువ ఖర్చు పరీక్ష ముందు, ఎక్కువ ఖర్చుది తర్వాత. సందులే అయితే పాత సిమెంట్ గీకి ఎపాక్సీ నింపి, ఒక రోజు ఆరబెడితే సరిపోతుంది. ట్రాప్ పగిలితే దాని చుట్టూ ఉన్న టైల్స్ వరకే తీయాలి. వాటర్‌ప్రూఫింగే పోతే నేలంతా తవ్వాలి. అప్పుడు కూడా కొత్త టైల్స్ వేసేముందు మళ్లీ 24 గంటలు నీళ్లు నిలిపి చూపించమనండి. కింది ఇంటి సీలింగ్‌కి రంగు అన్నిటికన్నా చివర, పూర్తిగా ఆరాక. తడి మీద వేసిన పెయింట్ వచ్చే వానాకాలానికి పొట్టలు పొట్టలుగా లేస్తుంది.

మచ్చ ఫోటో పంపి, ఆ వెంటనే మొత్తం బాత్రూమ్ వాటర్‌ప్రూఫింగ్‌కి కొటేషన్ పంపే సేవకి పని తెలియదు. ఒప్పందం రాసుకునే ముందు ఈ ఒక్క ప్రశ్న వేయండి: సీపేజ్ (నీళ్లు ఊరడం) ఫిర్యాదు వస్తే మొదటి రోజు ఏం చేస్తారు? జవాబు "మా టీమ్ విజిట్ చేస్తుంది" దగ్గర ఆగిపోతే వేరేవాళ్లని వెతుక్కోవడం మేలు.

గీజర్ కూడా ఇలాంటి పరీక్షే. బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు వాడే అపార్ట్‌మెంట్లలో కాయిల్ మీద ఉప్పు పొరలు కట్టి, నీళ్లు వేడెక్కడం ఆలస్యమై, చివరికి కాయిల్ కాలిపోతుంది. ట్యాంక్ కారకపోతే గీజర్ మార్చాల్సిన పని లేదు. కాయిల్, థర్మోస్టాట్, మెగ్నీషియం రాడ్ విడిగా దొరుకుతాయి. తీసిన కాయిల్ ఫోటో పంపని టెక్నీషియన్ బిల్లు ఒప్పుకోవద్దు. అదే ఉప్పు వాషింగ్ మెషిన్ ఇన్‌లెట్ జాలీలో, షవర్ రంధ్రాల్లో కూడా పడుతుంది. అదంతా కిరాయిదారు పాడుచేశాడని అడ్వాన్స్‌లో కోయడం అన్యాయం.

ఖాళీ ఇంటి విషయంలో చాలా సేవలు చేతులెత్తేస్తాయి. ఆషాఢంలో ఇల్లు ఖాళీ అయితే శ్రావణం దాకా ఎదురుచూడాల్సి రావచ్చు. పుష్యమాసంలోనూ చాలా కుటుంబాలు ఇల్లు మారవు. పిల్లలున్న కుటుంబాలైతే జూన్‌లో బడులు తెరిచేలోపే కుదురుకోవాలని చూస్తాయి. అందుకని అగ్రిమెంట్ గడువు ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా రాయించుకోవడం తెలివైన పని. ఇది అడక్కుండానే చెప్పిన సేవకి నా దగ్గర మంచి మార్కులే. ఇల్లు ఖాళీగా ఉన్నన్నాళ్లు పదిహేను రోజులకోసారి ఎవరైనా వెళ్లి చూసి, వీడియో తీసి పంపాలి. ట్రాపుల్లో నీళ్లు ఎండిపోతే డ్రైనేజీ వాసన, బొద్దింకలు ఇంట్లోకి వస్తాయి. ప్రతి ట్రాప్‌లో ఒక మగ్గు నీళ్లు, పైన చెంచాడు నూనె పోస్తే ఎండటం ఆలస్యమవుతుంది. బాల్కనీకి వల లేకపోతే పావురాలు ఏసీ అవుట్‌డోర్ యూనిట్ వెనక గూడు పెట్టేస్తాయి. ఇన్వర్టర్ ఉంటే బ్యాటరీ నీళ్ల మట్టం, గీజర్ ఎంసీబీ ఆఫ్‌లో ఉందా లేదా, ఈ రెండూ ఆ వీడియోలో కనిపించాలి.

కిరాయిదారు దిగేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు తీసే వీడియో ఎలా ఉందో ముందే నమూనా చూపించమనండి. హాల్ మధ్యలో నిలబడి ఒక చుట్టు తిప్పిన వీడియో ఎందుకూ పనికిరాదు. ప్రతి కొళాయి విప్పి, ప్రతి స్విచ్ వేసి, సింక్ కింద తలుపు తెరిచి, ఏసీ, గీజర్, చిమ్నీ సీరియల్ నంబర్లు, కరెంట్ మీటర్ రీడింగ్ చదివి వినిపించాలి. హైదరాబాద్‌లో అడ్వాన్స్ సాధారణంగా రెండు నెలల అద్దే కాబట్టి చివరి నెలలో అద్దె ఆపేసి అందులో సర్దుకోమనేవాళ్లు ఉంటారు. అప్పుడు మిగిలేది ఒక్క నెల అద్దె. పెయింటింగ్, మెయింటెనెన్స్ బకాయి, కరెంట్ బిల్లు అన్నీ అందులోంచే సర్దాలి.

బిల్లుల నంబర్లు మాత్రం సేవ చేతిలో వదిలేయకుండా మీ దగ్గరా పెట్టుకోండి: కరెంట్‌కి యూఎస్‌సీ నంబర్, జలమండలికి క్యాన్ నంబర్, ఇంటి పన్నుకి పీటీఐఎన్. ఇవి ఉంటే ఏ ఊళ్లో ఉన్నా ఫోన్లోనే బకాయి చూసుకోవచ్చు. జీహెచ్ఎంసీ ఏప్రిల్ నెలలో ఏడాది పన్ను ఒకేసారి కట్టేవాళ్లకు 5 శాతం రాయితీ ఇస్తూ వస్తోంది. బకాయి పడితే నెలకు 2 శాతం వడ్డీ. గృహజ్యోతి కింద 200 యూనిట్ల ఉచిత కరెంట్ అర్హత ఉన్న కిరాయిదారులకూ వర్తిస్తుంది, వాళ్లు యూఎస్‌సీ నంబర్ అడిగితే కంగారు పడక్కర్లేదు.

కాగితాల దగ్గర సేవల తీరు అంతంతమాత్రమే. అగ్రిమెంట్ మామూలుగా 11 నెలలకు రాస్తారు. మీ తరఫున సంతకం పెట్టడానికి ఇచ్చే పవర్ ఆఫ్ అటార్నీలో అద్దెకివ్వడం, అద్దె తీసుకోవడం, బిల్లులు కట్టడం, అసోసియేషన్‌తో మాట్లాడటం వరకే రాయండి. అమ్మకం, తాకట్టు అనే మాటలున్న రెడీమేడ్ నమూనా మీద సంతకం పెట్టొద్దు. విదేశంలో రాసిన పవర్‌కి ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు స్టాంప్ డ్యూటీ కట్టించాలి.

పన్ను దగ్గర తేడా ఇంకా పెద్దది. యజమాని బెంగళూరులోనో పుణేలోనో ఉంటే, నెల అద్దె 50,000 దాటినప్పుడే కిరాయిదారు 2 శాతం టీడీఎస్ (అద్దె ఇచ్చేటప్పుడే పట్టుకునే పన్ను) కోస్తాడు (2024 అక్టోబర్‌కి ముందు ఇది 5 శాతం). యజమాని ఎన్‌ఆర్‌ఐ అయితే అద్దె ఎంత చిన్నదైనా సెస్‌తో కలిపి 31.2 శాతం కోయాలి, అందుకు కిరాయిదారు ట్యాన్ (పన్ను కోసేవాళ్లకిచ్చే నంబర్) తీసుకోవాలి, అద్దె ఎన్ఆర్ఓ ఖాతాకి (ఎన్‌ఆర్‌ఐలు ఇండియా ఆదాయం వేసుకునే బ్యాంకు ఖాతా) పోవాలి. అది కోయకపోతే బాధ్యత పడేది కిరాయిదారు మీద. ఈ సంగతి ముందు చెప్పకుండా ఇల్లు చూపించి, రెండో నెలలో బయటపెట్టే సేవ వల్ల మంచి కుటుంబం ఇల్లు వదిలి వెళ్లిపోతుంది. తక్కువ కోతకు ఆదాయపు పన్ను శాఖ నుంచి సర్టిఫికెట్ ముందే తెచ్చుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

గ్యారంటీ అద్దె పథకం ఇంకో రకం. సంస్థే మీ దగ్గర ఇల్లు లీజుకి తీసుకుని, మంచాల లెక్కన వేరేవాళ్లకి ఇస్తుంది. ఖాళీ నెల భయం లేదన్నమాట నిజమే, కానీ ఇంట్లో ఉన్నవాళ్లతో మీకు ఏ ఒప్పందమూ ఉండదు. సంస్థ చెల్లింపులు ఆపేసిన రోజున వాళ్లు మేం సంస్థకి కట్టేశాం అంటారు, అదీ నిజమే. ఇద్దరి కోసం వేసిన ప్లంబింగ్ మీద ఆరుగురి భారం పడుతుంది. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ కూడా ఊరుకోదు. కుటుంబాలుండే అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ ఉన్నవాళ్లకి దీన్ని సిఫార్సు చేయలేను.

పది పదిహేను ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంట్ అయితే సంస్థ అసలు అక్కర్లేకపోవచ్చు. నమ్మకమైన వాచ్‌మన్, ఒక ప్లంబర్, ఒక ఎలక్ట్రీషియన్, పక్క ఫ్లాట్‌లో ఒక తాళంచెవి చాలు. వాచ్‌మన్‌కి నెలకింత అని, దసరాకి మరికొంత అని మాట్లాడుకోండి. పంపు ఎప్పుడు ఆగింది, ట్యాంకర్ ఎవరు తెప్పించారు, ఏ ఇంట్లో గోడ ఉబ్బింది, ఇవన్నీ అందరికన్నా ముందు తెలిసేది అతనికే.

సంస్థతోనే వెళ్తే ఒప్పందం ముగించే నోటీసు 30 రోజులకు మించకుండా చూసుకోండి. అద్దె మొదట మీ ఖాతాలో పడి, ఫీజు మీరు విడిగా కట్టేలా పెట్టుకోండి. అడ్వాన్స్ కూడా మీ దగ్గరే ఉండాలి. తాళంచెవులు ఎన్ని సెట్లు ఎవరి దగ్గర ఉన్నాయో ఒప్పందంలోనే రాయించి, ముగిసిన రోజున ఆ లెక్క ప్రకారం వాపసు తీసుకుని, మెయిన్ డోర్ లాక్ సిలిండర్ మార్పించేయండి.